బీరువాలో మూలుగుతున్న వినికిడి మిషన్లు, బ్రెయిలీ కిట్లు పిల్లల చేతికి రావాలంటే ఏం చేయాలి?

గోదారి_సైన్సు_టీచరు
అందరికీ నమస్కారం. బదిలీ మీద ఈ ఏడే ఈ జిల్లా పరిషత్ హైస్కూలుకు వచ్చాను. ల్యాబ్ సామాను లెక్క చూసుకుంటూ స్టాఫ్ రూమ్ బీరువా తెరిపిస్తే, కింది అరలో రెండు వినికిడి మిషన్ల డబ్బాలు, కవరు కూడా చించని బ్రెయిలీ కిట్టు, పుస్తకం మీద బోర్లించి పెట్టే గుండ్రటి భూతద్దం ఒకటి కనిపించాయి.

అవసరమున్న పిల్లలు మాత్రం క్లాసుల్లోనే ఉన్నారు. ఏడో తరగతిలో ఒక అమ్మాయికి వినపడదు. అందులో ఒక మిషన్ ఆమెదే. "కూత పెడుతోంది, అందరూ నవ్వుతున్నారు" అని పక్కన పడేస్తే వాళ్ళమ్మ తెచ్చి బడిలో ఇచ్చేసిందట. ఎనిమిదిలో ఒక అబ్బాయికి చూపు బాగా తక్కువ. బోర్డు కనపడదు కాబట్టి పక్కవాడి నోట్సు ముక్కుకు ఆనించుకుని రాసుకుంటాడు. ఆ భూతద్దం ఉందన్న సంగతే అతనికి తెలియదు. ఆరో తరగతిలో చేరిన పిల్లాడికి అసలు చూపే లేదు. విని గుర్తుపెట్టుకోవడమే అతని చదువు.

హెచ్‌ఎం గారిని అడిగితే "ఆడిట్‌లో లెక్క తగ్గితే ఎవరు కడతారు మేడమ్" అన్నారు. బీఈడీలో ఈ సబ్జెక్టు ఉంది కానీ పరీక్ష కోసం చదివి వదిలేశాం. పిల్లల చేతికి ఇచ్చే పద్ధతేంటి, ఇచ్చాక వాడించడమెలా? ఉపన్యాసాలు వద్దు ప్లీజ్. సోమవారం బడికెళ్ళి చేయగలిగేవి చెప్పండి.

రిటైర్డ్_హెచ్‌ఎం
అమ్మా, మీ హెచ్‌ఎం గారి మీద కోపం తెచ్చుకోకండి. స్టాక్ రిజిస్టర్ భయం ఏంటో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకే తెలుసు. పదవీ విరమణ కాగితాల దగ్గర "ఈ వస్తువు ఏదీ" అని ఒక్క లైను రాశారంటే పెన్షన్ ఫైలు అక్కడే ఆగిపోతుంది. అందుకే అందరూ తాళం వేసి హాయిగా పడుకుంటారు.

దారి లేకపోలేదు. స్టాక్ రిజిస్టర్ పక్కన ఇష్యూ రిజిస్టర్ ఒకటి పెట్టండి. ఏ వస్తువు, ఏ పిల్లాడికి, ఏ తేదీన, ఏ స్థితిలో ఇచ్చామో రాసి తల్లిదండ్రి సంతకం తీసుకోండి. దానికి ముందు బడి కమిటీ మీటింగ్‌లో ఒక తీర్మానం పెట్టించండి: ఈ పరికరాలు పిల్లలు ఇంటికి తీసుకెళ్ళి వాడుకోవచ్చు, వాడకంలో పాడైతే కమిటీ చూసి లెక్కలోంచి తీసేస్తుంది అని. నకలు ఎంఈఓ గారికి పంపితే చాలు. కాగితం చేతిలో ఉంటే ఏ హెచ్‌ఎం అయినా తాళం తీస్తారు. వాడి పాడైపోయిన వస్తువును ఆడిట్‌లో సమర్థించుకోవడం కష్టమేం కాదు.

ఐఈఆర్‌పీ_పాలమూరు
సార్ చెప్పింది కరెక్టే కానీ దానికంటే ముందు ఒకటి తేల్చుకోవాలి మేడమ్. ఆ బీరువాలో రెండు రకాల వస్తువులు కలిసిపోయి ఉన్నాయి.

క్యాంపులో ఇచ్చిన వినికిడి మిషన్ ఆ పిల్లదే. బడి ఆస్తి కాదు. సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం), ఫోటో చూసి, పేరు రాసుకుని ఆమెకే ఇస్తారు. దివ్యాంగుల పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ కాన్పూరు అలింకో వాళ్ళూ, బడుల పథకం సమగ్ర శిక్షా కలిసి మండలాల్లో పెట్టే క్యాంపులు ఉంటాయి కదా, అందులో ఖర్చు 60 శాతం దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం ఏడిప్ పథకం నుంచి, 40 శాతం సమగ్ర శిక్షా నుంచి వస్తుంది. ఆ మిషన్‌ను స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి ఉంటే అదే తప్పు. రేపే ఇచ్చేయండి. బ్రెయిలీ కిట్టు మాత్రం భవిత కేంద్రానికో (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉండే కేంద్రం) బడికో వచ్చి ఉండొచ్చు. దానికి సార్ చెప్పిన ఇష్యూ పద్ధతి సరిపోతుంది.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో స్పష్టంగా ఉంది, 40 శాతం ఆపైన వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ళ వరకు పుస్తకాలు, తగిన పరికరాలు ఉచితంగా ఇవ్వాలని. మీ తీర్మానంలో ఆ సెక్షన్ నంబరు వేయండి, బరువొస్తుంది.

మా ఐఈఆర్‌పీల (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే రిసోర్స్ పర్సన్ల) సంగతి కూడా కొంచెం అర్థం చేసుకోండి. మండలమంతా మేం ఇద్దరమో ముగ్గురమో. భవిత కేంద్రం చూసుకోవాలి, మంచం దిగలేని పిల్లల ఇళ్ళకు వెళ్ళాలి, సర్వే చేయాలి, క్యాంపుకు పిల్లల్ని బస్సెక్కించాలి. మిషన్ ఇచ్చిన రోజు ఫోటోకు అందరూ ఉంటారు. తర్వాత అది మోగుతోందా లేదా చూడటానికి క్లాస్ టీచర్ తప్ప ఎవరూ ఉండరు.

కొత్తగా_చేరా
ఈ కాలంలో ఇంకా డబ్బాలు, కిట్లు ఏంటండీ? మంచి ఆండ్రాయిడ్ ఫోన్ ఒకటి ఇస్తే అన్నీ యాప్‌లే కదా. మాట్లాడితే అక్షరాలు వస్తాయి, అక్షరాలు చూపిస్తే మాట వస్తుంది. ఏఐ వచ్చాక కూడా బ్రెయిలీనా?

ఆడియాలజీ_అనంతపురం
ఫోన్ గొడవ తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ అమ్మాయి కూత సంగతి.

టీచర్ గారూ, మిషన్ పాడైందని పడేయకండి. కూత పెడుతోందంటే చాలాసార్లు మిషన్ తప్పు కాదు, చెవిలో పెట్టే అచ్చు వదులైందని అర్థం. లోపలికి వెళ్ళాల్సిన శబ్దం సందులోంచి బయటికొచ్చి మళ్ళీ మైకులో పడుతుంది, అప్పుడు ఈల వస్తుంది. పెరిగే పిల్లల చెవి కూడా పెరుగుతుంది కదా. బడి వయసు పిల్లలకు ఏడాదికోసారైనా అచ్చు కొత్తది తీయించాలి. మిషన్ క్యాంపులో ఉచితంగా వస్తుంది, అచ్చు మార్చే ఏర్పాటు ఎవరూ చెప్పరు, అక్కడే ఆగిపోతుంది కథ. గుబిలి గట్టిపడినా కూత వస్తుంది, కాబట్టి ముందు ఈఎన్‌టీకి చూపించండి.

రెండోది బ్యాటరీ. ఇవి జింక్-ఎయిర్ బ్యాటరీలు. పైన రంగు స్టిక్కర్ ఉంటుంది. ఎక్కువ వినికిడి లోపానికి ఇచ్చే మిషన్లలో సాధారణంగా నీలం స్టిక్కరున్న 675 సైజు పడుతుంది, చిన్నవాటిలో నారింజ రంగు 13. స్టిక్కర్ పీకాక రెండు మూడు నిమిషాలు గాలి తగలనిచ్చి అప్పుడు వేయాలి. ఒకసారి పీకితే మళ్ళీ అంటించినా లాభం లేదు, వాడినా వాడకపోయినా అయిపోతుంది. ఈ ముక్క తెలియక అన్ని స్టిక్కర్లూ ఒకేసారి పీకి పెట్టుకున్న ఇళ్ళు చాలా చూశాను. రాత్రి తీసేశాక బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ సంచులేసిన మూత డబ్బాలో పెట్టమనండి. వానాకాలంలో చెమటకీ తేమకీ మిషన్లు పోతాయి.

ఇక మీరు రోజూ చేయగలిగింది ఒకటుంది. దీన్ని లింగ్ పరీక్ష అంటారు. ప్రార్థన అయ్యాక అమ్మాయిని పక్కకు పిలిచి, ఒక మీటరు దూరంలో నిలబడి, మీ నోరు కనపడకుండా కాగితం అడ్డం పెట్టుకుని ఆరు శబ్దాలు మామూలు గొంతుతో అనండి: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. విన్నది తిరిగి అనాలి, లేదా చెయ్యెత్తాలి. కాగితం మైకుకు అడ్డం రాకుండా చూసుకోండి. నిన్న విన్న "స్" ఇవాళ వినలేదంటే బ్యాటరీయో, గొట్టంలో చెమటో, ఏదో ఉంది. నిమిషం పని. ఏ మిషనూ అక్కర్లేదు.

గోదారి_సైన్సు_టీచరు
ఇది బంగారం లాంటి సలహా సార్. ఒక డౌట్. మిషన్ బాగైనా క్లాసులో ఏం వినపడట్లేదంటే?

ఆడియాలజీ_అనంతపురం
అవును, ఆ మాట అంటుంది. చెవి మిషన్ అన్నింటినీ పెంచుతుంది: మీ గొంతు, ఫ్యాను, బెంచీ జరిపిన చప్పుడు, పక్క క్లాసు ఎక్కాలు. మనకు చెవి ఏరుకుంటుంది, మిషన్‌కు అంత తెలివి లేదు. రెండు మీటర్లు దాటితే మీ మాట ఆ గోలలో కలిసిపోతుంది. అందుకే టీచర్ మెడలో చిన్న మైకు వేసుకుని, అది నేరుగా పిల్ల మిషన్‌లోకి మాట పంపే పద్ధతి ఉంది, ఎఫ్‌ఎం సిస్టమ్ అంటారు. ఖరీదెక్కువ, క్యాంపుల్లో రాదు. అది లేనప్పుడు ఆమెను ముందు బెంచీలో కిటికీకి దూరంగా, తలపైన ఫ్యాను లేనిచోట కూర్చోబెట్టండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి. ఎవరైనా జవాబు చెబితే మీరోసారి తిరిగి చెప్పండి, వెనక బెంచీవాళ్ళ మాట ఆమెకు అసలు అందదు.

నవ్వే పిల్లల సంగతి మిషన్‌తో తేలదు, అది మీ చేతిలో ఉంది. ధ్వని పాఠం చెప్పే రోజు ఆ మిషన్ ఎలా పనిచేస్తుందో పాఠంలో భాగంగా చెప్పొచ్చు. కానీ ఆమెను ముందే అడిగి, ఒప్పుకుంటేనే.

ఆరు_చుక్కలు
"ఏఐ వచ్చాక కూడా బ్రెయిలీనా" అన్న తమ్ముడికి.

నాకు పుట్టుకతో చూపు లేదు. బ్యాంకులో పనిచేస్తున్నాను. రోజంతా కంప్యూటర్ మీద ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే (తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) నా పని. డబ్బు కట్టక్కర్లేదు, 2006లో ఆస్ట్రేలియాలో చూపు లేని కుర్రాడే మొదలుపెట్టాడు. ఫోన్‌లో అదే పని చేసే టాక్‌బ్యాక్ వాడతాను. ఈ పోస్టు కూడా అలాగే టైప్ చేస్తున్నాను. కాబట్టి టెక్నాలజీ వద్దనేవాణ్ణి కాదు.

కానీ వినడం చదవడం కాదు. ఆరో తరగతి పిల్లాడు "కృష్ణ" అన్న మాట వెయ్యిసార్లు విన్నా, అందులో ర కింద ఉందా, ఋ ఉందా, ష కింద ణ వత్తు ఉందా అన్నది చెవికి తెలియదు. వేలికి తెలుస్తుంది. చిన్నప్పుడు బ్రెయిలీ దాటేసి ఆడియోతోనే పదో తరగతి పాసైన స్నేహితులు నాకున్నారు. తెలివిలో నాకంటే ఒక మెట్టు పైనే. దరఖాస్తు రాయమంటే స్పెల్లింగ్ దగ్గర చెమటలు పట్టేవి. లెక్కలు సరే సరి. సమీకరణాన్ని చెవితో పట్టుకుని ఎంతసేపు మోస్తారు?

పైగా తెలుగు బ్రెయిలీ కొత్త లిపి నేర్చుకున్నంత కష్టమేం కాదు. అదే ఆరు చుక్కలు. భారతీ బ్రెయిలీలో మన భాషలన్నీ సర్దుకున్నాయి. 1, 3 చుక్కలు వేస్తే తెలుగులో క, ఇంగ్లీషులో కె. ఒకటి నేర్చుకుంటే రెండోది సగం వచ్చినట్టే.

మేడమ్, ఆ కిట్టు తెరిస్తే పలక, మొన ఉన్న స్టైలస్ ఉంటాయి. పలకలో కాగితం బిగించి కుడి నుంచి ఎడమకు పొడవాలి. తిప్పితే చుక్కలు ఉబ్బి ఎడమ నుంచి చదవడానికి వస్తాయి. మొదట్లో పిల్లలు తికమకపడతారు, వారం తిరిగేసరికి వేళ్ళకు అలవాటవుతుంది. లెక్కలకు టేలర్ ఫ్రేమ్ ఉందేమో చూడండి. ఎనిమిది మూలల రంధ్రాలున్న పలక, దాంట్లో గుచ్చే చిన్న లోహపు దిమ్మెలు. దిమ్మెను ఏ కోణంలో తిప్పి పెడితే ఆ అంకె. దిమ్మెల సంచీ జాగ్రత్త, అవి పోతే ఫ్రేమ్ ఎందుకూ పనికిరాదు.

కొత్తగా_చేరా
అన్నా, చెప్పే తీరు బాగుంది. ఒప్పుకున్నా. కానీ ఆ పిల్లాడికి బ్రెయిలీ పుస్తకాలు వచ్చేలోగా ఏడాది గడిచిపోదా? పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు నెట్‌లో ఉన్నాయి కదా, అవి ఫోన్‌లో చదివించుకోవచ్చుగా?

ఆరు_చుక్కలు
ప్రయత్నించి చూడు. తెలుగు మీడియం పీడీఎఫ్ ఒకటి తెరిచి ఒక పేరా కాపీ చేసి ఇక్కడ పేస్ట్ చెయ్యి.

కొత్తగా_చేరా
ఇంగ్లీషు అక్షరాలూ, డాలర్ గుర్తులూ, చుక్కలూ వచ్చాయి. ఇదేంటి??

ఆరు_చుక్కలు
నా స్క్రీన్ రీడర్ నాకు చదివి వినిపించేది అదే తమ్ముడూ. బడి రోజుల్నుంచీ వింటున్నాను ఈ సంగీతం.

డీటీపీ_సుబ్బు
దీనికి జవాబు నేను చెప్పాలి, ఎందుకంటే పాతికేళ్ళుగా ఆ పాపం చేస్తున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి, హహ. మన ప్రెస్సుల్లో తెలుగు అంటే అను ఫాంట్లే. పేజ్‌మేకర్ రోజుల నుంచి అలవాటు. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరం బొమ్మ మాత్రమే తెలుగు. కింద కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల కోడే. కంటికి "అమ్మ" కనిపిస్తుంది, మెషిన్‌కు ఏవో గుర్తులు కనిపిస్తాయి. తెలుగు అక్షరానికి సొంత కోడ్ ఉన్న యూనికోడ్‌లో కొడితే ఈ గొడవ ఉండదు. కానీ అచ్చు అందం, ఆపరేటర్ల అలవాటు, ప్రెస్సు పాత వర్షన్లు, ఇవన్నీ అడ్డం.

పరిష్కారం ఉంది. అసలు పేజీ ఫైలు దొరికితే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లున్నాయి. పీడీఎఫ్ ఒక్కటే ఉంటే గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి డాక్స్‌తో తెరిస్తే బొమ్మల్లోంచి తెలుగు అక్షరాలు లాగుతుంది. వత్తుల దగ్గర, పట్టికల దగ్గర తప్పులుంటాయి, మనిషి కూర్చుని దిద్దాలి. రెండు కాలమ్‌ల పేజీ అయితే వాక్యాలు కలగాపులగం అవుతాయి, అలాంటిచోట కాలమ్‌ను విడిగా కత్తిరించి ఎక్కించాలి.

టీచర్ గారూ, ఆరో తరగతి సైన్సు ఒక పాఠం పంపండి. ప్రెస్సు ఖాళీగా ఉన్నప్పుడు చేసిపెడతాను.

గోదారి_సైన్సు_టీచరు
సుబ్బు గారూ, పంపుతున్నాను. కాపీరైట్ సమస్య రాదు కదా?

ఆరు_చుక్కలు
రాదు మేడమ్. 2012లో కాపీరైట్ చట్టానికి సవరణ చేశారు. అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళ కోసం వేరే రూపంలోకి మార్చుకోవచ్చు, వ్యాపారం చేయకూడదంతే. ఇలాంటి పుస్తకాల కోసమే దేశాలు చేసుకున్న మారకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో మొట్టమొదట ఆమోదించింది కూడా మన దేశమే. సుగమ్య పుస్తకాలయ అని ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది, 2016లో మొదలైంది, పిల్లాడిని అందులో సభ్యుడిగా చేర్పించండి. తెలుగు పుస్తకాలు కావలసినన్ని లేవు. చేర్చేవాళ్ళుంటే పెరుగుతాయి.

బాబు_వాళ్ళ_నాన్న
చాలా రోజులుగా చదివి వెళ్ళిపోయేవాణ్ణి, ఇవాళ రాయాలనిపించింది. మా వాడికి సెరిబ్రల్ పాల్సీ. మనం చెప్పేది మొత్తం అర్థమవుతుంది, మాట మాత్రం రాదు. రెండో తరగతి వరకు హాజరుపట్టీలో పేరుంది, బడిలో వాడు లేడు. ఎందుకంటే వాడికి ఏం వచ్చో ఎవరికీ తెలియదు.

థెరపిస్టు గారు బొమ్మల కార్డులు మొదలుపెట్టించారు. నీళ్ళు, టాయిలెట్, నొప్పి, వద్దు, ఇంకా కావాలి. తర్వాత ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే మాట పలికే యాప్. చెన్నైలో తయారైన అవాజ్ లాంటివి ఉన్నాయి. మా నాన్నగారు ఒకటే గోల: "అది మాట్లాడుతుంటే వీడింక నోరెందుకు తెరుస్తాడ్రా?" నాకూ ఆ భయం ఉండేది. థెరపిస్టు గారు చెప్పింది, మేం ఇంట్లో చూసింది ఒకటే. చెప్పాలన్న తపన తీరే దారి దొరికాక నోటితో ప్రయత్నం పెరిగింది, తగ్గలేదు. ఇప్పుడు "మ్మ" అని నోటితో అని, "నూడుల్స్" అని ట్యాబ్‌తో అంటాడు. తాతయ్య మీద కంప్లయింట్లు కూడా ట్యాబ్‌లోనే.

బడిలో గొడవ ఎక్కడంటే, ట్యాబ్ తెస్తే ఆటలాడతాడని సంచీలో పెట్టించేవారు. అంటే మిగతా పిల్లలందరి నోర్లూ తెరిచుంచి వాడి నోరొక్కటే మూసినట్టు. నేను కోప్పడలేదు. యాప్ ఒక్కటే తెరుచుకునేలా లాక్ చేసి, టీచర్ గారి ముందు వాడితో "గుడ్ మార్నింగ్ మేడమ్" అనిపించాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి "వీడికి నా సబ్జెక్టు కూడా తెలుసా" అన్నారు. ఛార్జింగ్ అయిపోయిన రోజుకు కార్డులు మాత్రం ఎప్పుడూ సంచీలో ఉంటాయి.

ఐఈఆర్‌పీ_పాలమూరు
అన్నా, ఆ చివరి లైను ప్రతి తల్లీతండ్రీ చదవాలి. మా దగ్గర కూడా కార్డులే ముందు. లామినేషన్ చేసి రింగుకు కట్టి మెడలో వేస్తాం. కరెంటు పోయినా పనిచేస్తాయి.

ఫిజియో_ఓరుగల్లు
నాదొక చిన్న మాట. పరికరం అంటే కరెంటుతో నడిచేదే కాదు. పెన్సిల్ జారిపోయే పిల్లాడికి సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఇస్తే పట్టు దొరుకుతుంది. కాగితం జరగకుండా క్లిప్పు పలక. కాళ్ళు నేలకు అందని పిల్లకు కాళ్ళ కింద చెక్కపెట్టె. అది లేకపోతే నడుము నిలవదు, నడుము నిలవకపోతే చేతిరాత రాదు.

వీల్‌చైర్ల సంగతి. పెద్దవాళ్ళ సైజు కుర్చీలో ఆరేళ్ళ పిల్లను కూర్చోబెట్టడం చూసి చూసి విసుగొచ్చింది. పక్కలకు వాలిపోతే వెన్ను వంకరవుతుంది. క్యాంపులో కొలత తీసుకునేటప్పుడు తొడల వెడల్పు, మోకాలి నుంచి మడమ దాకా పొడవు రాశారో లేదో తల్లిదండ్రులు దగ్గరుండి చూసుకోవాలి. ఎదిగే పిల్లలకు చిన్నబడితే? ఏడిప్ పథకంలో మామూలుగా మూడేళ్ళకోసారే ఇస్తారు, కానీ 12 ఏళ్ళలోపు పిల్లలకు ఏడాదికే మళ్ళీ అడగొచ్చు. ఈ సంగతి క్యాంపు బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళలో కూడా కొందరికి తెలియదు.

ర్యాంపు: ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. అరుగు రెండడుగులైతే ఇరవై నాలుగు. మన బళ్ళలో నాలుగడుగుల్లో లేపేసి ర్యాంపు కట్టామని బిల్లు పెడతారు. దాని మీద కుర్చీ ఎక్కదు, పిల్లలు జారుడుబల్ల ఆడుకుంటారు.

రిటైర్డ్_హెచ్‌ఎం
జారుడుబల్ల మాట నిజమే. మా రోజుల్లోనూ అంతే. స్థలం లేదని మేస్త్రీ అంటే సరేననేవాళ్ళం. గోడ వెంబడి మలుపు తిప్పి కట్టొచ్చని ఎవరూ చెప్పలేదు.

టెక్సాస్_పిన్ని
డాలస్ దగ్గర ఉంటాం. మా పాపకు ఆటిజం, ఇక్కడ పబ్లిక్ స్కూల్లో చదువుతోంది. మీ బీరువా గొడవ చదివి ఒకటి చెప్పాలనిపించింది. ఇక్కడ ప్రతి పిల్లకూ ఏటా స్కూలువాళ్ళూ మేమూ కూర్చుని ఐఈపీ అని ఒక పత్రం, అంటే ఆ పిల్లకు ప్రత్యేకంగా చదువు ప్రణాళిక రాస్తాం. పరికరం ఏదైనా అవసరమా అన్నది ఆ మీటింగ్‌లో తప్పకుండా చర్చించాలి, 1997 నుంచి ఫెడరల్ చట్టంలోనే ఉంది. స్కూలు కొన్న పరికరమైనా ఇంట్లో అవసరమని ఆ మీటింగ్‌లో తేలితే ఇంటికి పంపాల్సిందే. అలాగని ఇక్కడంతా స్వర్గం అనుకోకండి. మొదటిసారి అడిగినప్పుడు "ఇంకా చూద్దాం" అన్నారు, మావారు చట్టం ప్రింటు తీసి పట్టుకెళ్ళాకే కదిలింది.

బాబు_వాళ్ళ_నాన్న
అక్కా, ఇక్కడ కూడా ఐఈపీ రాస్తారు. ఫైల్లో ఉంటుంది. మాకు ఎవరూ చదివి వినిపించలేదు, సంతకం మాత్రం చేశాం.

గోదారి_సైన్సు_టీచరు
అప్‌డేట్. కమిటీలో తీర్మానం అయింది. రిటైర్డ్ సార్ రాసిన మాటలే దాదాపు దించేశాం, 17వ సెక్షన్ నంబరుతో సహా. హెచ్‌ఎం గారే తాళం తీసి తన చేత్తో ఇచ్చారు. అమ్మాయికి పాత అచ్చు వదులే, కొత్త అచ్చుకు జిల్లా ఆసుపత్రిలో కొలత ఇచ్చి వచ్చారు. అది వచ్చేదాకా లింగ్ పరీక్ష మొదలుపెట్టలేదు. బ్యాటరీల డబ్బు స్కూలు గ్రాంటు నుంచి ఇవ్వొచ్చా లేదా అన్నది ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి స్టాఫ్ తలా కొంత వేసుకున్నాం, అది ఎన్నాళ్ళు నడుస్తుందో తెలియదు.

ఎనిమిదో తరగతి అబ్బాయి భూతద్దం పుస్తకం మీద పెట్టి ఒక్కో లైనూ జరుపుకుంటూ చదివాడు. కానీ పది నిమిషాలకే మెడ నొప్పి అన్నాడు. ఇంకో ప్రశ్న, పదో తరగతిలో ఇలాంటివాళ్ళకు పరీక్ష ఎలా?

ఆరు_చుక్కలు
మెడ నొప్పికి పుస్తకం వాలుగా పెట్టుకునే స్టాండు కావాలి. పుస్తకమే కంటి దగ్గరికి రావాలి, కన్ను పుస్తకం దగ్గరికి వెళ్ళకూడదు. వడ్రంగి చేత చెక్కతో చేయించుకోవచ్చు. లావు గీతల నోటుబుక్కు, నల్లటి జెల్ పెన్ను ఇవ్వండి. బోర్డు మీద రాసింది మీరు ఫోటో తీసి ఒక ట్యాబ్‌లో వేస్తే వేళ్ళతో పెద్దది చేసుకుంటాడు. పాత భూతద్దం అందరికీ సరిపోదు, ఎంత పెంచాలో లో-విజన్ క్లినిక్‌లో కొలిచి చెబుతారు. ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి హైదరాబాద్‌లోనే కాదు, విజయవాడ, విశాఖల్లో కూడా శాఖలున్నాయి. మీకు విజయవాడ దగ్గర.

పరీక్షకు కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు చదవండి. గంటకు 20 నిమిషాల చొప్పున అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, కోరితే కంప్యూటర్ మీద రాసే వీలు, అన్నీ ఉన్నాయి. పదో తరగతికి మన బోర్డు నియమాలు విడిగా ఉంటాయి, డీఈవో ఆఫీసులో ఇప్పుడే అడిగి దరఖాస్తు పెట్టించండి, ఫిబ్రవరి దాకా ఆగొద్దు. 40 శాతం లేదని వెనక్కి పంపితే 2021లో సుప్రీంకోర్టు వికాస్ కుమార్ కేసులో ఇచ్చిన తీర్పు ఉంది. సహాయకుడు కావాలంటే 40 శాతం వైకల్యం ఉండి తీరాలన్న అడ్డు పెట్టకూడదని అందులో చెప్పారు.

మరో మాట. పరీక్ష రోజు సహాయకుడితో రాయించడం వేరే విద్య. జవాబు వాక్యంగా చెప్పాలి, కామా ఎక్కడో చెప్పాలి, చెప్పింది మళ్ళీ చదివించుకోవాలి. యూనిట్ టెస్టుల నుంచే అలవాటు చేయండి.

కొత్తగా_చేరా
మేడమ్, నాకు శనివారాలు ఖాళీ. పాఠాలు దిద్దే పని ఉంటే చెప్పండి. టైపింగ్ వచ్చు, యూనికోడ్‌లోనే 🙂

డీటీపీ_సుబ్బు
మొదటి పాఠం అయింది. వడగట్టడం, తేర్చడం ఉన్న పాఠం. ఫైలు మెయిల్ చేశాను. వత్తులు నాలుగైదు చోట్ల ఎగిరిపోతే చేత్తో దిద్దాను. తమ్ముడూ, రెండోది నీకే.

ఆరు_చుక్కలు
నాకూ ఒక కాపీ వచ్చింది, మొదటి నుంచి చివరి దాకా విన్నాను. ఒక్క డాలర్ గుర్తు కూడా లేదు సుబ్బు గారూ, నిజంగా థాంక్స్. "ఇసుక" ఒకచోట "ఇసక" అయింది, అదొక్కటి దిద్దండి.

కానీ మధ్యలో "పక్క బొమ్మ చూడండి" అని రెండుసార్లు ఉంది, "పట్టిక పూరించండి" అని ఒకసారి. ఆ బొమ్మల్లో ఏముందో మేడమ్ గారు రెండేసి వాక్యాలు రాసి పంపాలి. ఎన్ని గ్లాసులున్నాయి, వడపోత కాగితం ఎలా మడిచారు, నీళ్ళు ఎటు నుంచి ఎటు పోతున్నాయి. రంగులు కూడా రాయండి, తోటివాళ్ళు "పసుపు నీళ్ళు" అంటున్నప్పుడు దేని గురించో పిల్లాడికి తెలియాలి కదా. పట్టికను అడ్డంగా కాకుండా ఒక్కో వరుసా వాక్యంగా విడగొట్టండి. అవి కలిపాక ఎంబాసర్ (బ్రెయిలీ చుక్కలు అచ్చు వేసే మిషన్) ఉన్నచోటు నేను వెతుకుతాను, బ్రెయిలీ ప్రతి కూడా వేయిద్దాం.

గోదారి_సైన్సు_టీచరు
బొమ్మల వివరాలు ఈ రాత్రికే పంపుతాను. ఐఈఆర్‌పీ మేడమ్, మా మండలంలో బ్రెయిలీ వచ్చిన రిసోర్స్ పర్సన్ వారానికి ఒకరోజైనా మా బడికి రావాలంటే అర్జీ ఎంఈఓ గారికి పెట్టాలా, జిల్లా ఐఈ కోఆర్డినేటర్‌కు పెట్టాలా?

ఐఈఆర్‌పీ_పాలమూరు
ఇద్దరికీ పెట్టండి. ఎంఈఓ గారి ద్వారా కోఆర్డినేటర్‌కు అని రాస్తే ఒక్క కాగితంతో పోతుంది. పిల్లాడి సదరం కాపీ, తల్లి సంతకం జత చేయడం మరవొద్దు. టూర్ ప్రోగ్రామ్ నెల మొదట్లోనే వేస్తారు కాబట్టి 25వ తారీకులోపు ఇచ్చేయండి.